కరిస్తే మన బిడ్డను, చంపితే మన చేత

మా గుర్రంకొండ చుట్టుపక్కల ఊళ్ళలో కుక్క మనిషిని కరిస్తే రెండు కబుర్లు పోతాయి. ఒకటి ఆసుపత్రికి. అది ఒక్కోసారి పోతుంది, ఒక్కోసారి పోదు. రెండోది మన కాలనీకి. అది మాత్రం తప్పకుండా వస్తుంది. "ఏమప్పా, మీవోళ్ళలో ఇద్దరిని పంపు, ఆ కుక్కను తీసేయాల." తీసేయడం అంటే చంపడం. ఇద్దరు పిల్లోళ్ళు కర్రలు, తాడు తీసుకుని పోతారు. ఎంతో కొంత డబ్బో, ఒక క్వార్టరు సీసానో, రెండూనో చేతిలో పెడతారు. చచ్చిన కుక్కను ఈడ్చుకుపోయి వంకలో పారేసి వస్తారు. ఊరికి పీడ వదిలిందంటారు. మర్నాటికి అందరూ మరిచిపోతారు.

ఈ పని ఇక మన పిల్లలు చేయకూడదు. కబురు పెట్టిన సర్పంచుకైనా, ఊరి పెద్దకైనా, రోజూ కూలికి పిలిచే రైతుకైనా "చేయం" అని చెప్పాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

కుక్క మీద జాలితో రాస్తున్నానని కొందరంటారు. జాలి ఉంది, దాచను. మేం యానాదులం. కుక్క లేని యానాది ఇంటిని చిన్నప్పుడు నేను చూడలేదు. చేను గట్టు మీద ఏ బొక్కలో ఎలుక ఉందో మనిషి కంటే ముందు కుక్కే చెప్పేది. వేట గురించి ఇంతకంటే రాయను, ఈ పుస్తకం అటవీశాఖ వాళ్ళ చేతుల్లో కూడా పడొచ్చు. ఎరుకలవాళ్ళ పందుల మందకు, సుగాలీల మేకల దొడ్డికి, నక్కలవాళ్ళ గుడారానికి కాపలా కుక్కే. అయినా నా వాదానికి జాలి ఆధారం కాదు. కరిచిన కుక్కను ఆ పూటే కొట్టి చంపడం వల్ల మనుషులు చస్తారు. అందులో మనవాళ్ళు ముందుంటారు. అందుకని రాస్తున్నాను.

ఎట్లాగో వినండి. రేబిస్ కుక్క ఎంగిలిలో ఉంటుంది. కాటు గాయంలోంచి నరంలోకి దిగి, నరం వెంట మెల్లగా మెదడుకు ఎక్కుతుంది. మనిషిలో దానికి మామూలుగా నెల నుంచి మూడు నెలలు పడుతుంది. వారం పది రోజులకే బయటపడినవీ ఉన్నాయి, ఏడాది దాటి బయటపడినవీ ఉన్నాయి. తల, మొహం, చేతుల మీద కరిస్తే తొందరగా వస్తుంది. నీళ్ళు మింగబోతే గొంతు పట్టేయడం, గాలి తగిలితే ఉలిక్కిపడడం మొదలైందంటే ఇక ఏ ఆసుపత్రీ ఏమీ చేయలేదు. ఆ లోపల గాయం కడిగి, సరైన టీకా, సరైన వేళకు పడితే మాత్రం మనిషి బతుకుతాడు. ఇంత స్పష్టంగా రెండు దారులున్న జబ్బు ఇంకోటి లేదు.

కుక్క సంగతి వేరు. దాని ఎంగిలిలోకి రేబిస్ వచ్చిందంటే అప్పటికే అది మెదడులో ఉన్నట్టు. జబ్బు లక్షణాలు కనిపించడానికి కొద్ది రోజుల ముందు నుంచి ఎంగిలిలో ఉంటుంది, లక్షణాలు కనిపించాక కొద్ది రోజుల్లోనే కుక్క చస్తుంది. పది రోజుల లెక్క ఇక్కడి నుంచే వచ్చింది. కరిచిన రోజు మొదలు పదో రోజుకు కూడా కుక్క తింటూ, నీళ్ళు తాగుతూ, మామూలుగా తిరుగుతూ ఉంటే, కరిచిన రోజున దాని ఎంగిలిలో రేబిస్ లేదన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఇది. మన దేశపు వైద్య మార్గదర్శకాల్లోనూ ఉంది. కుక్కకూ పిల్లికీ మాత్రమే ఈ లెక్క పనికొస్తుంది. నక్క, ముంగిస, కోతి కరిస్తే పది రోజులు చూడడమనేది లేదు, నేరుగా సూదికి పోవాల్సిందే.

"సూది ఎట్లాగూ ఆ పొద్దే వేయించుకోమంటారు గదా సారూ, ఇంక కుక్కతో పనేముంది?" అని ఒక యువకుడు నన్ను అడిగాడు. మంచి ప్రశ్న. కుక్కను చూస్తూ సూది వాయిదా వేయమని ఎవరూ చెప్పరాదు. కరిచిన పొద్దే మొదటి సూది పడాలి. కుక్కను బతికించి చూసేది కరిచానని అందరికీ తెలిసిన ఆ ఒక్క మనిషి కోసం కాదు, తెలియని మిగతావాళ్ళ కోసం. పిచ్చెక్కిన కుక్క ఒక్కరినే కరిచి ఊరుకోదు. పొద్దున ఒక పిల్లవాడి కాలు గీరి ఉంటుంది. వాడు తండ్రి కొడతాడని చెప్పి ఉండడు. ఒక అవ్వ చేతి పుండును నాకి ఉంటుంది. రెండు వీధుల అవతల ఇంకో కుక్కను, ఒక మేకను, కట్టుకొయ్య దగ్గర ఒక ఆవును కరిచి ఉంటుంది. ఆ కుక్క అయిదో రోజున దవడ వేలాడేసి, గొంతు మారి, రాళ్ళూ పుల్లలూ కొరుకుతూ చస్తే, వీళ్ళందరినీ వెతికి సూదికి పంపొచ్చు. పదో రోజుకు తోక ఊపుతూ ఉంటే ఊరంతా నిశ్చింతగా నిద్రపోవచ్చు, డాక్టరు కూడా మిగిలిన సూది సంగతి దాన్ని బట్టి తేలుస్తాడు. మొదటి రోజే దాన్ని కొట్టి చంపితే ఈ రెండింటిలో ఏదీ తెలియదు. కరిచిన కుక్క సాక్షి లాంటిది. సాక్షిని చంపి కేసు తేల్చమంటే ఏ కోర్టు తేలుస్తుంది?

ఇంకో మాట. చచ్చిన కుక్క మెదడును ల్యాబులో పరీక్ష చేస్తే రేబిస్ ఉందా లేదా అన్నది తేలుతుంది. మన పక్కనే తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది. అడిగేదానికి మనుషులున్నారు. కానీ మనవాళ్ళు కర్రతో కొట్టేది ఎక్కడ? తల మీదే. పరీక్షకు కావలసినది అదే, పగిలిపోయేదీ అదే.

ఆ కర్ర పట్టుకున్న చెయ్యి సంగతి ఇప్పుడు చూద్దాం. ముందు రోజు టమోటా తోటలో కట్టెలు నాటి, తీగ గీరుకుని, వేళ్ళ మీద పగుళ్ళతో ఉన్న చెయ్యి అది. తొడుగు ఉండదు. కుక్క నోటి నురుగు, రక్తం ఆ పగుళ్ళ మీద పడతాయి, కంట్లోనూ పడొచ్చు. ఉరి బిగించేటప్పుడు అది తిరగబడి వేలు పట్టుకుంటుంది. "చిన్నదేలే" అని గుడ్డ చుట్టుకుంటారు. ఊళ్ళో కరిపించుకున్న ఆసామి కొడుకును కారులో మదనపల్లె పెద్దాసుపత్రికి తీసుకుపోతారు. ఆ కుక్కను చంపినవాణ్ణి, వాడికీ గాయమైందా అని అడిగినవాళ్ళను ఇన్నేళ్ళలో నేను ఒక్కరినీ చూడలేదు. వాడి చేతిలో క్వార్టరు సీసా పెట్టి పంపించేస్తారు. మత్తులో గాయం నొప్పి తెలియదు. మూడు నెలల తర్వాత వాడు నీళ్ళు మింగలేకపోతే "గాలి సోకింది", "దెయ్యం పట్టింది" అంటారు. మన కాలనీల్లో అట్లాంటి చావులు ఏ రిజిస్టరులోకీ ఎక్కవు. ప్రపంచంలో ఏటా 59 వేల మంది రేబిస్‌తో చనిపోతున్నారని, అందులో నూటికి 36 మంది మన దేశంవాళ్ళేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంచనా అని ఎందుకన్నారంటే, చచ్చినవాళ్ళు ఎక్కువగా లెక్కకు అందనివాళ్ళు కాబట్టి. ఆ అందనివాళ్ళలో మనం ఉన్నాం.

ఊరి పెద్దల జవాబు నాకు తెలుసు. "అయితే పిచ్చికుక్కను ఇంట్లో పెట్టుకుని మేపమంటావా?" మేపమనే అంటాను, దూరం నుంచి, పది రోజులు. పెంపుడు కుక్క అయితే దాని యజమానే గొలుసుతో కట్టాలి. దానికి అలవాటైన మనిషి తప్ప ఇంకెవరూ దగ్గరికి పోకూడదు. ఒక ఖాళీ కొట్టంలోనో, తలుపున్న దొడ్లోనో పెట్టి, తిండీ నీళ్ళూ పొడుగు కర్రతో లోపలికి తోయాలి. పిల్లలను, మిగతా కుక్కలను ఆ దరిదాపులకు రానీయకూడదు. అదే రోజు పశువుల ఆసుపత్రిలో చెప్పాలి, గ్రామ సచివాలయంలో పశుసంవర్ధక సహాయకుడికి చెప్పాలి. కరిచింది వీధికుక్క అయితే తరమకూడదు. తరిమితే పక్క ఊరికి పోతుంది, పోయేలోపల ఇంకో నలుగురిని కరుస్తుంది. అది ఎక్కడ పడుకుంటుందో, ఏ చికెన్ అంగడి దగ్గర తింటుందో ఊళ్ళో పిల్లలందరికీ తెలుసు. దూరం నుంచి రోజుకు రెండుసార్లు చూసి, ఉందా, తింటోందా అని రాసుకుంటే చాలు. నిజంగానే పిచ్చెక్కి మీద పడే కుక్క అయితే దాన్ని వలతో పట్టేవాళ్ళు రావాలి, అది మన పిల్లోళ్ళ కర్రల పని కాదు. 2023 మార్చిలో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల్లో కూడా రేబిస్ అనుమానం ఉన్న కుక్కను పట్టి, విడిగా ఉంచి, దాని చావు అది చచ్చేదాకా చూడమనే ఉంది. ఆ పనికి బాధ్యత స్థానిక సంస్థది. అంటే పంచాయతీది, మన కాలనీది కాదు.

కుక్క యజమానులకు కూడా ఒక మాట. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. కుక్క ఎవరినైనా కరిస్తే గొడవ వస్తుందని, వైద్యం ఖర్చు అడుగుతారని, రాత్రికి రాత్రి దాన్ని సంచిలో వేసుకుని గుట్ట అవతల వదిలి వస్తారు. అవతల ఇంకో కాలనీ ఉంటుంది. పట్నంలో పట్టిన కుక్కలను బండిలో తెచ్చి మన గుడిసెల దగ్గర దించిపోయేవాళ్ళు చేసేదీ ఇదే పని. ఏ వీధిలో పట్టిన కుక్కను ఆ వీధిలోనే వదలాలని నియమం ఉంది. మన గుడిసెలు ఎవరి చెత్తకైనా పనికొచ్చే చోటని వాళ్ళ ధైర్యం.

ఆవులూ గేదెల విషయంలో అందరూ ఏమరుపాటుగా ఉంటారు. పుంగనూరు ఆవు పేరు దేశమంతా చెప్పుకుంటారు, మా పక్క ఏ ఆవైనా ఇంటి బిడ్డే. పిచ్చికుక్క కరిచిన ఆవు కొన్ని వారాలకు మేత మానేస్తుంది, వింతగా అరుస్తుంది, నోటివెంట చొంగ కారుతుంది. గొంతులో ఏదో ఇరుక్కుందని ఇంటాయన మోచేతిదాకా చెయ్యి నోట్లో పెడతాడు, లేదా పశువుల పనికి కుదిరిన మన పిల్లవాడి చేత పెట్టిస్తాడు. అది కుక్క కాటుతో సమానమే. అట్లాంటి పశువు నోట్లో చెయ్యి పెట్టొద్దు. ఆ పాలు తాగినవాళ్ళందరూ భయపడి ఆసుపత్రికి పరిగెత్తడం మనం చూస్తూనే ఉంటాం. కాచిన పాలతో భయం లేదు. పచ్చిపాలు తాగితే, అట్లాంటి దూడకు చేత్తో పాలు పట్టించి ఉంటే డాక్టరుకు చెప్పాలి. చచ్చిన పశువును కోసి పంచుకోవద్దు. మనవాళ్ళు పంచుకుంటారు కాబట్టి ఈ మాట రాయక తప్పదు. లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చాలి.

కుక్కలను చంపితే రేబిస్ పోతుందా? 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో రాత్రివేళ వచ్చినవాళ్ళు ఇరవై వీధికుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. 2026 జనవరిలో హనుమకొండ జిల్లా శ్యాంపేట, ఆరేపల్లి ఊళ్ళలో వందల కుక్కలను విషంతో చంపారని సర్పంచుల మీద పోలీసు కేసులు పెట్టారు. పంచాయతీ ఎన్నికల్లో కుక్కల బెడద తీరుస్తామని ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారట. అక్కడ కూడా డబ్బిచ్చి మనుషులను పిలిపించారనే పత్రికల్లో వచ్చింది. మాట ఇచ్చేది ఒకరు, విషం పట్టుకునే చెయ్యి ఇంకొకరిది.

ఈ దారి ఎక్కడికి పోతుందో చూడాలంటే ఇండోనేషియాలోని బాలి దీవిని చూడాలి. 2008లో అక్కడ రేబిస్ అడుగుపెట్టింది. మొదట విషం పెట్టి కుక్కలను వేలల్లో చంపారు. జబ్బు ఆగలేదు, దీవి అంతా పాకింది. జనం తమ కుక్కలను దాచారు, వేరే ఊళ్ళకు తరలించారు, చచ్చిన కుక్కల చోటుకు టీకా లేని కొత్త కుక్కపిల్లలు వచ్చాయి. 2010 నుంచి దీవి అంతటా కుక్కలకు టీకా వేయడం మొదలుపెట్టాకే మనుషుల చావులు తగ్గాయి. ప్రతి పది కుక్కల్లో ఏడింటికి టీకా ఉంటే రేబిస్ పాకడానికి దారి దొరకదు. మన దేశంలోనే గోవా ఆ లెక్కన పనిచేసింది. 2021లో రేబిస్ అదుపులోకి వచ్చిన రాష్ట్రంగా ప్రకటించుకుంది. కుక్కకు టీకా వేసినవాడు ఊరిని కాపాడతాడు. టీకా వేసిన కుక్కను చంపినవాడు ఊరి కంచెలో ఒక కొయ్య పీకినట్టే.

ఇంతవరకూ ఊరివాళ్ళను అన్నాను. ఇప్పుడు మన ఇంటి సంగతి.

మన పెద్దలకు ఆకులు, వేళ్ళు తెలుసు. తేలుకు, జెర్రికి, కడుపునొప్పికి వాళ్ళిచ్చే మందుల గురించి వెటకారంగా మాట్లాడేవాళ్ళతో నేనే పోట్లాడతాను. అయితే కుక్కకాటుకు పసరు పోయడం, గాయంలో కారప్పొడి, సున్నం, పసుపు, కాఫీపొడి కూరడం, మంత్రం వేయించి తాడు కట్టడం మన జ్ఞానం కింద లెక్కకు రావు. ఎందుకంటే ఇక్కడ మందు పని చేసిందో లేదో తెలుసుకునే వీలు లేదు. కరిచిన కుక్కల్లో ఎక్కువ వాటికి రేబిస్ ఉండదు. వంద మందికి పసరు పోస్తే తొంభై మందికి పైగా ఎట్లాగూ బతుకుతారు. బతికినవాళ్ళ పేరు పసరుకు పోతుంది, చచ్చినవాడి పేరు విధికి పోతుంది. కొందరు ముసలివాళ్ళు ఒక మాట అనేవారు, "కరిచిన కుక్క బతికుంటే మనిషికి భయం లేదు" అని. అది కళ్ళతో చూసి తెలుసుకున్న సంగతి, పది రోజుల లెక్కకు అమ్మమ్మ లాంటి మాట. పెద్దల దగ్గర అట్లాంటివి తీసుకుందాం. కారప్పొడి వద్దు.

ముసలివాళ్ళకు ఇంకో భయం ఉంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. ఆ భయం ఊరికే పుట్టలేదు. గొర్రె మెదడు నుంచి తీసిన పాత టీకాను కడుపు మీద అట్లాగే పొడిచేవారు, బాగా బాధ పెట్టేది, కొందరికి హానీ చేసేది. మన దేశంలో దాన్ని 2005 నాటికి మానేశారు. ఇప్పుడున్నది వేరే టీకా. ప్రభుత్వ ఆసుపత్రిలో భుజాల చర్మంలోకి కొద్ది కొద్దిగా వేస్తారు. కరిచిన రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. నాలుగుసార్లు పోతే చాలు. కండలోకి వేసే పద్ధతి అయితే అయిదుసార్లు. రక్తం వచ్చేటట్టు కరిచి ఉంటే దీనితోపాటు గాయంలోకి, దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంకో మందు వేయాలి. టీకా పని మొదలుపెట్టడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ కొన్ని రోజులూ గాయం దగ్గర కాపలా కాసేది ఈ మందే. ఇది అడిగి వేయించుకోవాలి. అడగకపోతే మనకు చెప్పరు.

చెప్పరని ఊరికే అనడం లేదు. మా బడి పిల్లవాడిని ఒకణ్ణి పిక్క మీద కండ లేచేటట్టు కుక్క కరిస్తే ఒక ఆసుపత్రికి తీసుకుపోయాను. ఒక సూది వేసి, ఆ రెండో మందు ఇక్కడ లేదని ఇంకో ఆసుపత్రి పేరు చెప్పారు. అక్కడికి పోతే వేళ అయిపోయింది, రేపు రమ్మన్నారు. వాడి అమ్మ రెండు రోజుల కూలి పోగొట్టుకుంది, బస్సు చార్జీలు నేను పెట్టాను. మందు దొరికింది, పిల్లవాడు బాగున్నాడు. కానీ పక్కన టీచరు లేని తల్లి మొదటి రోజే వెనక్కి తిరిగి వచ్చేసి ఉండేది. మూడో రోజు సూదికి పోకపోతే "వీళ్ళకు శ్రద్ధ లేదు" అని రాసుకునేవాళ్ళు. టమోటా కోతల కాలంలో నాలుగు పొద్దుల కూలి అంటే ఎంతో అట్లా రాసుకునేవాళ్ళకు తెలియదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాతోపాటు ఆ రెండో మందు ఉండాలి. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు కూడా ఆసుపత్రుల్లో ఈ రెండూ ఎప్పుడూ నిల్వ ఉంచమని చెప్పింది. ఆ ఉత్తర్వు మనం పట్టుకుని అడగాల్సిన కాగితం.

సబ్బు మాటకు వస్తే, గాయాన్ని పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. డాక్టరు కంటే ముందు ప్రాణం కాపాడేది అదే. పోస్టర్ల మీద కొళాయి బొమ్మ వేసి ఉంటుంది. మన కాలనీల్లో రెండు రోజులకొకసారి నీళ్ళొచ్చే చోట పదిహేను నిమిషాలు పారే నీళ్ళు ఎక్కడివి? బిందె వంచి చెంబుతో పోస్తూనే ఉండాలి. ఉన్న బిందె నీళ్ళు అయిపోయినా సరే, పక్కింటి బిందె తెచ్చి పోయాలి.

ఇక మన కుక్కలకు టీకా. సెప్టెంబరు 28న ప్రపంచ రేబిస్ దినం, లూయీ పాశ్చర్ చనిపోయిన రోజు. ఆ రోజు పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు. బొచ్చు కుక్కలను చంకలో పెట్టుకుని మోటారు సైకిళ్ళ మీద వస్తారు, ఫొటోలు తీస్తారు, పేపర్లో పడుతుంది. ఎలుకలు పట్టే మన కుక్కను ఏ బస్సులో ఎక్కించుకుని పోవాలి? గొలుసు లేదు, పేరు రాసుకునే పుస్తకం లేదు, దానికి తెలిసిన తాడు ఒక్కటే, ఉరితాడు. టీకానే మన దగ్గరికి రావాలి. ఏజెన్సీ గిరిజనులకు దోమతెరలు పంచే ప్రభుత్వానికి మైదానంలో ఉన్న గిరిజనులు ఎప్పుడూ గుర్తుకు రారు. ఒక కూలర్ డబ్బాలో సీసాలు పెట్టుకుని ఒక్క పొద్దు కాలనీకి వస్తే, సాయంత్రానికి మన కుక్కలన్నింటినీ మన పిల్లలే పట్టి ఇస్తారు. వాళ్ళ కంటే బాగా పట్టేవాళ్ళు ఈ జిల్లాలో లేరు.

ఆ మాట దగ్గరే నా అసలు డిమాండు ఉంది. తమిళనాడులో మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలో ఇరుళ ఆదివాసుల పాములు పట్టే సహకార సంఘం 1978 నుంచి ఉంది. పాము చర్మాల వ్యాపారం ఆగిపోయాక బతుకు పోయినవాళ్ళు వాళ్ళు. ఇప్పుడు ప్రభుత్వ లైసెన్సుతో నాగుపామును, కట్లపామును, రక్తపింజరిని, ఇసుకపింజరిని ప్రాణాలతో పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదులుతారు. ఆ విషంతోనే దేశంలో పాముకాటు మందు తయారవుతుంది. ఆ జాతివాళ్ళే మాసి సదైయన్, వడివేల్ గోపాల్. 2023లో వాళ్ళిద్దరికీ పద్మశ్రీ ఇచ్చారు. కరిచే జంతువును చంపకుండా పట్టడం ఒక విద్య అని, దానికి కూలి, గౌరవం, కాగితం అన్నీ ఇవ్వాలని వాళ్ళు ఒప్పించారు. కుక్కను పట్టే విద్య మన దగ్గర ఉంది. దానికి మనకు కట్టే ధర క్వార్టరు సీసా.

కాబట్టి మన యువకులు సర్పంచు ముందు ఇట్లా మాట్లాడాలి. కుక్కను పట్టిస్తాం, చంపం. వలలు, మందమైన తొడుగులు పంచాయతీ కొనాలి. పని మొదలుపెట్టక ముందే మాకు రేబిస్ టీకా వేయించాలి. ముందు జాగ్రత్త టీకా మూడు సూదులు, మొదటి రోజు, ఏడో రోజు, ఇరవై ఒకటో లేక ఇరవై ఎనిమిదో రోజు. ఆ టీకా ఉన్నవాణ్ణి తర్వాత కుక్క కరిస్తే రెండే సూదులు సరిపోతాయి, గాయంలో వేసే ఆ ఖరీదైన మందు అక్కర్లేదు. పంచాయతీకి కూడా అదే చవక. పశువుల డాక్టరు దగ్గర ఉండి కుక్కకు టీకా వేయాలి, కూలి రోజు లెక్కన బ్యాంకులో పడాలి. ఇవి లేకుండా ఎవరు పిలిచినా పోం. ఒక్క కాలనీ పోనంటే ఇంకో కాలనీని పిలుస్తారు, అందుకని యానాదులు, ఎరుకలు, సుగాలీలు, నక్కలవాళ్ళు ముందే మాట్లాడుకోవాలి. ఇట్లాంటి చోటే మనవాళ్ళు ఒకరినొకరు దించేసుకుంటారని నాకు తెలుసు, అయినా రాస్తున్నాను.

తోటి టీచర్లకు రెండు మాటలు. అనుమానం ఉన్న జంతువులు కరిచినవాళ్ళలో నూటికి నలభై మంది పదిహేనేళ్ళలోపు పిల్లలు. బడిలో మధ్యాహ్న భోజనం మిగులు ప్రహరీ లేని ఆవరణలో పారేస్తే కుక్కలు అక్కడే ఉంటాయి. నవంబరు 7 ఉత్తర్వులో బడులకు కంచె వేయాలనీ ఉంది. ప్రహరీ కోసం ఇన్నేళ్ళు రాసిన అర్జీలకు ఇప్పుడు ఆ తేదీ కూడా జత చేయండి. కుక్క గీరిందని చెప్పిన పిల్లవాణ్ణి "రాయితో ఎందుకు కొట్టినావ్?" అని మొదట అడగొద్దు. ఆ ప్రశ్న ఒక్కసారి అడిగితే తర్వాత పది మంది పిల్లలు గాయం దాస్తారు. ముందు కడగండి, తర్వాత ఆసుపత్రికి తీసుకుపోండి, రాయి సంగతి ఆ తర్వాత.

పది రోజుల లెక్కకు మూడో తరగతి పిల్లలకంటే మంచి కాపలాదార్లు లేరు. నల్లబల్ల ఒక మూల తేదీ వేసి పది గళ్ళు గీయండి. బడికి వచ్చే దారిలో దూరం నుంచి చూసి వచ్చి, కుక్క బాగుంటే ఒక గీత పెడతారు. దగ్గరికి పోకూడదని మాత్రం రోజూ చెప్పాలి. ఏ రోజైనా కుక్క కనిపించకపోయినా, తిండి మానేసినా ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉన్న పొద్దున పాఠం ఆపి, ఏఎన్ఎంకూ పశువుల డాక్టరుకూ ఫోను చేయండి. ఆ కుక్క దగ్గర ఇంకెవరెవరు ఆడుకున్నారో పిల్లలను అడగండి. వాళ్ళకు పేర్లన్నీ తెలుసు.